జేబులో ఒక చిన్న చాకు
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సభలలో వక్తలు సాధారణంగా మన భాష, మన సంస్కృతి, మన సంప్రదాయం అంటూ ప్రారంభిస్తారు. మేము మాత్రం ఒక చిన్న చాకును గురించి మాట్లాడదలచుకున్నాము. కార్యదర్శిగారు విషయమేమిటని ఫోనులో అడిగినప్పుడు "జేబులో పెట్టుకునే మడత చాకును ఎన్నుకోవడం ఎట్లా" అని చెప్పాము. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తరువాత "మాస్టారూ, పండుగ పూట కత్తుల మాట ఎందుకండీ?" అన్నారు. ఎందుకో చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాము.

ముందుగా మా తెలుగును గురించి ఒక మాట. మేము పుట్టింది మారిషస్‌లో. మా పెద్దలు కోరంగి రేవులో ఓడ ఎక్కి చెరకు తోటల్లో కూలికి పోయినవారు. ఆ రేవు పేరు మీదనే అక్కడ తెలుగువాళ్లను చాలాకాలం కోరంగివాళ్లు అన్నారు. మా ఇంట్లో మాట క్రియోలు. బళ్లో చదువు ఇంగ్లీషు, ఫ్రెంచి. తెలుగు మాత్రం సాయంకాలపు తరగతిలో కూర్చుని నేర్చుకున్నదే. కనుక మా మాటలో పుస్తకం వాసన కొంత వస్తే మన్నించండి. మా తాతగారు పగలు తోటలో పనిచేసి, సాయంత్రం దీపం ముందు పిల్లలచేత ఓనమాలు దిద్దించేవారు. మా నాన్నగారు సర్కారు బడిలో పంతులు. మేము మాంట్రియల్‌లో ముప్ఫై ఏళ్లు పంతులుగా పనిచేసి విరమించి, ఇప్పుడు శుక్రవారం సాయంత్రాలు తెలుగు తరగతి చెబుతున్నాము. 'మేము' అనడం గొప్పకోసం కాదు. చాకు విషయంలో మాకు తెలిసినదంతా ముగ్గురు పంతుళ్ల తెలివి. దాన్ని ఒక్కరిదిగా చెప్పుకోవడానికి మనసొప్పదు.

నిరుటి ఉగాదినాడు జరిగింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బయట ఇంకా మంచు కరగలేదు. అద్దె హాలు. పచ్చడికి బెల్లం వచ్చింది, చింతపండు వచ్చింది, ఎవరో ఊరినుంచి ఎండబెట్టి తెచ్చిన వేపపువ్వు కూడా వచ్చింది. పుల్లటి మామిడికాయలు డజను వచ్చాయి. వాటిని తరగడానికి కత్తి లేదు, హాలు వంటగదికి తాళం వేసి ఉన్నది. "ఎవరిదగ్గరైనా చాకు ఉందా?" అని మైకులో అడిగితే రెండువందలమంది జేబులు తడుముకున్నారు. ఫోన్లు బయటికి వచ్చాయి, కారు తాళాలు వచ్చాయి, చాకు మాత్రం రాలేదు. ఒకాయన బ్యాంకు కార్డుతో మామిడికాయ కోయడానికి సాహసించారు. కార్డే ఓడిపోయింది. చివరికి హాలు చూసుకునే క్యుబెక్ పెద్దాయన ఈ సందడి విని లోపలికి వచ్చాడు. ప్యాంటు జేబులోంచి చెక్కపిడి చాకు ఒకటి తీశాడు. రెండు చేతులతో నిదానంగా తెరిచి, రుమాలుతో తుడిచి, పిడి మా వైపు తిప్పి బల్ల మీద పెట్టాడు. పావుగంటలో పన్నెండు కాయలూ తరిగాము. పచ్చడి వేళకు అందింది.

ఆ రోజు మాకు ఒక సంగతి గుర్తుకు వచ్చింది. ఒకప్పుడు నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కును కొనడానికి పర్షియానుంచి వర్తకులు వచ్చేవారు. ఆ ఉక్కుతో అక్కడివారు పేరుపడ్డ కత్తులు చేసుకున్నారు. చాకు అనే మాటేమో పారసీకంనుంచి మనకు వచ్చింది. ఉక్కు మన దగ్గరనుంచి అటు పోయింది, మాట అటునుంచి మన దగ్గరికి వచ్చింది. ఉగాది నాడు చూస్తే మన దగ్గర మిగిలింది మాట ఒక్కటే!

పచ్చడి తిన్న తరువాత చాలామంది మా దగ్గరికి వచ్చి మూడు ప్రశ్నలు వేశారు. ఈ దేశంలో ఇది జేబులో పెట్టుకోవచ్చునా? ఎంతలో వస్తుంది? ఏది కొనాలి? ఈ ప్రసంగం ఆ మూడింటికీ జవాబు.

బడిపంతులుకూ చాకుకూ సంబంధమేమిటని కొందరికి అనుమానం కలగవచ్చు. చాకు మొదటినుంచీ చదువు సామానే. తాటాకు కాలంలో ఆకును కోసి సరిచేయడానికి కత్తి కావాలి, రాయడానికి గంటం కావాలి. మన దక్షిణదేశంలో ఈ రెండింటినీ ఒకే పిడిలో అమర్చి, వాడనప్పుడు లోపలికి మడిచేటట్టు చేసిన గంటాలు ఉండేవి. వాటిని ఇప్పటికీ మ్యూజియముల్లో చూడవచ్చు. రెల్లు కలాల కాలంలో కలం మొన చెక్కడానికి చాకు ఉండేది. ఇంగ్లీషువాళ్లు ఈకలతో రాసేవారు కాబట్టి, ఆ ఈక చెక్కే కత్తికి వాళ్ల భాషలో కలంకత్తి అనే పేరే పడింది. కలం పోయినా పేరు పోలేదు. ఫ్రెంచివాళ్లు దాన్నే కానిఫ్ అంటారు. మా క్రియోలులోనూ అదే మాట. మా తాతగారి సాయంకాలపు బడిలో పిల్లలందరి బలపాలూ ఒకే చాకుతో చెక్కేవారు. చాకు తాతగారి చేతినుంచి ఏ పిల్లవాడి చేతికీ పోయేది కాదు. పిల్లవాడు పదేళ్లవాడై, గుణింతం తప్పులేకుండా అప్పచెప్పిన రోజున మాత్రం "ఈ పూట బలపాలు నువ్వు చెక్కు" అనేవారు. మాకు ఆ రోజు వచ్చినప్పుడు గుణింతం వచ్చిన సంతోషం కన్న చాకు పట్టుకున్న సంతోషమే పెద్దది.

ఆ చాకు తాతగారితోనే పోయింది. మా నాన్నగారిది వేరు. పోర్ట్ లూయీ బజారులో కొన్నది, కొమ్ముపిడిది, రెండు బ్లేళ్లది. పెన్సిళ్లు చెక్కీ చెక్కీ చిన్న బ్లేడు సగానికి అరిగిపోయింది. ఆయన పోయినప్పుడు మా అన్నదమ్ముల్లో ఇల్లెవరికి, వాకిలెవరికి అనే మాట వచ్చింది. మేము చాకు అడిగి తీసుకున్నాము. దాన్ని జేబులో పెట్టుకుని కెనడా చలికాలాలు పాతిక దాకా తిరిగాము.

2019లో ఒక బంధువు పెళ్లికి అమెరికా బయలుదేరాము. విమానాశ్రయంలో జేబులోని సామాను తీసి పళ్లెంలో పెట్టమన్నారు. తాళాలు, చిల్లర, వాటితోబాటు చాకు. అప్పుడు గాని అది జేబులో ఉన్నదని మాకు గుర్తుకు రాలేదు. ఆ ఉద్యోగిని మర్యాదగానే చెప్పింది. వెనక్కి వెళ్లి పెట్టెలో వేసి పంపవచ్చు, ఎవరికైనా ఇచ్చి ఇంటికి పంపవచ్చు, లేదా ఇక్కడ వదిలి వెళ్లవచ్చు. పెట్టెలు అప్పటికే వెళ్లిపోయాయి. దింపడానికి వచ్చినవారు వెళ్లిపోయారు. విమానానికి వేళ అవుతున్నది. వదిలి వెళ్లాము. తప్పు ఆమెది కాదు, నియమానిది కాదు. జేబులో ఏముందో చూసుకోకుండా బయలుదేరిన పంతులుది. పెళ్లిలో అందరూ "ఏమండీ, అట్లా ఉన్నారు?" అని అడిగారు. ఒక చాకు పోయిందని చెబితే నవ్వుతారని ఊరుకున్నాము.

కొత్త చాకు కొనడానికి మాకు రెండేళ్లు పట్టింది. దుకాణానికి వెళ్లడం, చూడడం, తిరిగి రావడం. ఆ రెండేళ్లలో నేర్చుకున్నది మీకు చెబుతాము.

మొదట చట్టం. మేము వకీళ్లము కాము. చదివి అర్థం చేసుకున్నంతవరకు చెబుతాము. కెనడా నేరస్మృతి 84వ సెక్షనులో నిషేధించిన ఆయుధమంటే ఏమిటో చెప్పారు. పిడిలో ఉన్న మీటగాని, స్ప్రింగుగాని నొక్కితే దానంతట అదే తెరుచుకునే కత్తి నిషిద్ధం. కిందికి వంచితే బరువుకు జారి తెరుచుకునేది, మణికట్టు విసురుకు తెరుచుకునేది కూడా నిషిద్ధమే. ఇటువంటివి జేబులో మాత్రమే కాదు, ఇంట్లో బీరువాలో ఉంచుకున్నా నేరమే. పిడికిట్లో పట్టుకుని వేళ్ల సందునుంచి పొడిచే బాకులు, కలంలాగానో మరొక మామూలు వస్తువులాగానో కనిపిస్తూ లోపల బ్లేడు దాచుకున్న చిన్న కత్తులు కూడా నిషిద్ధాల జాబితాలో ఉన్నాయి. బ్లేడు ఇంత పొడవు మించకూడదనే కొలత మాత్రం నేరస్మృతిలో లేదు.

కొలత లేదు గదా అని సంతోషించవద్దు. కొలతకు బదులు ఉద్దేశ్యం ఉన్నది. ఎవరినైనా గాయపరచడానికో బెదిరించడానికో దగ్గర ఉంచుకున్న వస్తువు ఏదైనా సరే, చట్టం దృష్టిలో ఆయుధమే. అదే చాకు ఆపిల్ కోయడానికి పెట్టుకుంటే పనిముట్టు. "ఎందుకు పెట్టుకున్నావు?" అని పోలీసు అడిగినప్పుడు "నన్ను నేను కాపాడుకోవడానికి" అన్నారో, పనిముట్టును మీ నోటితో మీరే ఆయుధం చేసుకున్నారన్నమాట. కొన్ని నగరాలకు సొంత నియమాలు కూడా ఉన్నాయి. బహిరంగ స్థలంలో కత్తి ఉంటే తగిన కారణం చూపమంటారు. ఆత్మరక్షణను తగిన కారణంగా ఒప్పుకోరు. మీరున్న ఊరి నియమం తెలుసుకోండి. భయం వేసి చాకు కొనదలచుకున్నవారు చాకు కొనవద్దు. భయానికి చాకు మందు కాదు.

మన ఊర్లనుంచి కొత్తగా వచ్చిన పిల్లలకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. మా తరగతికి వచ్చే ఒక పిల్ల మేనమామ, చదువు ముగించి ఉద్యోగంలో చేరినవాడు, ఇంటర్నెట్టులో ఇరవై డాలర్లకు ఒక చాకు తెప్పించాడు. బొత్తాం నొక్కితే టక్కున తెరుచుకుంటుంది, చూడ ముచ్చటగా ఉందని కొన్నాడు, అంతే. పార్సెలు సరిహద్దు దగ్గర ఆగింది. కొన్నాళ్లకు జాబు వచ్చింది. అప్పటికి అతని శాశ్వత నివాసం దరఖాస్తు విచారణలో ఉన్నది. ఆ జాబు చేతిలో పెట్టుకుని ఒక శుక్రవారం మా ఇంటికి వచ్చాడు. "మాస్టారూ, ఇండియాలో ఇటువంటిది సంతలో దొరుకుతుంది. నేరమని నాకు తెలియదు. అమ్మకు ఏమని చెప్పను?" అన్నాడు. ముఖంలో నెత్తురు లేదు. వకీలు దగ్గరికి పంపాము. చివరికి చాకు పోవడంతో సరిపోయింది. కాని జవాబు వచ్చేదాకా ఆ పిల్లవాడు మూడు నెలలు నిద్రపోలేదు. ఇరవై డాలర్ల వస్తువు పదేళ్ల కష్టాన్ని తక్కెడలో పెట్టింది. ఈ ప్రసంగానికి అసలు కారణం మామిడికాయలు కావు, ఆ పిల్లవాడి ముఖం.

ఇక ఎన్నిక.

మొదటిది పొడవు. మన పెద్దల కొలత ఒకటి ఉన్నది, బెత్తెడు. నాలుగు వేళ్ల వెడల్పు. జేబు చాకు బ్లేడు బెత్తెడు మించనక్కరలేదు. ఆపిల్, మామిడికాయ, రొట్టె, పార్సెలు తాడు, మామిడాకుల తోరణం దారం, ఇంతకు మించి మన జేబుకు పని ఏమున్నది? బెత్తెడు దాటిన బ్లేడు పని పెంచదు, చూసేవారి అనుమానం పెంచుతుంది.

రెండవది తెరిచే తీరు. నిదానంగా తెరుచుకునే చాకు కొనండి. ఒక చేత్తో పిడి పట్టుకుని, రెండో చేతి గోటిని గాడిలో పెట్టి లాగితే తెరుచుకునేది. దుకాణదారులు ఒంటిచేతి చాకులను మెచ్చుకుంటారు. తాడు పట్టుకుని పడవలో నిలబడ్డవాడికి అవి అవసరం కావచ్చు. పచ్చడికి మామిడికాయ కోసేవాడికి తొందర ఏమిటి? కొన్నాక అప్పుడప్పుడు కీలు బిగువు చూసుకోండి. చాకును తలకిందులుగా పట్టుకుంటే బ్లేడు జారకూడదు. విసిరినా కదలకూడదు. కీలు వదులైతే మరమ్మతు చేయించండి, లేకపోతే వదిలేయండి.

మూడవది తాళం. తెరిచిన బ్లేడు పనిలో ఉండగా వేళ్ల మీదికి మూసుకుపోకుండా కొన్నిటికి కట్టు ఉంటుంది. నిరుడు మనల్ని ఆదుకున్న పెద్దాయన చాకు ఒపినెల్. ఫ్రాన్సు కొండసీమ సవ్వాలో 1890లో జోసెఫ్ ఒపినెల్ రైతులకోసం చేసిన చాకు అది. 1955లో దానికి తిరిగే ఉంగరం అమర్చారు. తెరిచి ఉంగరం తిప్పితే బ్లేడు కదలదు. సన్నకారు రైతు కొనగలగాలని చేసినది కాబట్టి ఈనాటికీ రెండు మూడు పదుల డాలర్లలో దొరుకుతుంది. నంబర్లు ఉంటాయి. ఆరో నంబరుగాని ఏడో నంబరుగాని మన బెత్తెడులో పడుతుంది. ఏడో నంబరులో పిల్లలకోసం మొన గుండ్రంగా చేసినది కూడా ఉన్నది. తాళంలేని చాకులు చెడ్డవి కావు. వాటితో కోయాలి గాని పొడవకూడదు, అంతే. పొడిస్తే బ్లేడు మన వేళ్ల మీదికే మడుచుకుంటుంది. అది మంచి గురువు. ఒకసారి చెబితే జన్మలో మరచిపోరు.

నాలుగవది ఉక్కు. ఇక్కడ మన వంటింటి సంగతి ఒకటి ఉన్నది, దుకాణంలో ఎవరూ చెప్పరు. తుప్పుపట్టే పాతరకం కార్బన్ ఉక్కుకు పదును సులువుగా వస్తుంది. కాని మన పులుపు దానికి గిట్టదు. చింతపండు, నిమ్మకాయ, పచ్చి మామిడికాయ తగిలితే బ్లేడు నల్లబడుతుంది, మామిడిముక్క కూడా నల్లబడుతుంది, నోటికి ఇనుము రుచి తగులుతుంది. మనకు తుప్పుపట్టని స్టెయిన్‌లెస్ ఉక్కే మేలు. ఒపినెల్‌లో రెండు రకాలూ ఉన్నాయి, అడిగి తీసుకోండి. ఎర్రపిడి మీద తెల్ల శిలువ గుర్తున్న స్విస్ చాకు స్టెయిన్‌లెస్‌దే. కార్ల్ ఎల్సెనర్ 1884లో పని మొదలుపెట్టి, 1891లో స్విట్జర్లాండు సైన్యానికి చాకులు ఇచ్చాడు. అందులో బొటనవేలంత చిన్నది మొదలుకొని కత్తెర, స్క్రూడ్రైవరు ఉన్నవి దాకా దొరుకుతాయి. గుర్తుంచుకోండి, పరికరాలు ఎక్కువైన కొద్దీ జేబు బరువు పెరుగుతుంది, జేబు బరువెక్కిన కొద్దీ చాకు ఇంట్లో ఉండిపోతుంది. ఇంట్లో ఉన్న చాకు ఉగాది నాడు పనికిరాదు.

ఐదవది పిడి, చలి. ఇనుప పిడి జనవరిలో చేతిని కరుస్తుంది. చెక్కపిడి చలికి మంచిదే కాని తడిస్తే ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది. తడిస్తే గాలికి ఆరనివ్వండి, పాత్రలు కడిగే మిషనులో వేయవద్దు. చేతితొడుగులతో గోటిగాడి అందదు. అందుకని దుకాణంలో ఒకసారి తొడుగు తీసి, ఒకసారి వేసుకుని తెరిచి చూడండి. ఇంకొక సంగతి, కీలుకు నూనె. మన ఇళ్లలో ఏ కీలు కిర్రుమన్నా కొబ్బరినూనె చుక్క వేయడం అలవాటు. ఆ నూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. ఇక్కడి చలికాలంలో కోటు జేబులో ఏమవుతుందో చెప్పనక్కరలేదు. మేము వేసి చూశాము. రాయిలాగా బిగుసుకుపోయింది. నువ్వులనూనె వేస్తే కొన్నాళ్లకు జిగురవుతుంది. మందుల షాపులో దొరికే మినరల్ ఆయిల్ ఒక్క చుక్క చాలు. తిండివస్తువులు కోసినా ఫరవాలేదు.

ఆరవది ధర. నోవా స్కోషియాలోని పిక్టూలో గ్రోమన్ అనే కుటుంబపు కార్ఖానా ఉన్నది. 1950ల నుంచి కత్తులు చేస్తున్నారు. కెనడాలో చేసినదే కావాలనుకునేవారు అక్కడి మడత చాకులు చూడవచ్చు. చేతిపని కాబట్టి ధర ఎక్కువ. అంతకు మించి వందలు పోసే చాకులు కూడా ఉన్నాయి. పోతే ఏడవకుండా ఉండగలిగినంత ధరకే కొనండి అని మా సలహా. మా నాన్నగారి చాకు పోయినప్పుడు మేము బాధపడింది దాని ధరకు కాదు, నిజమే. కాని కొత్త చాకు ఎవరి జ్ఞాపకమూ కాదు గదా. బంగారు కత్తి అని మెడ కోసుకుంటామా?

పదును సంగతి కూడా చెప్పుకోవాలి. మొండి చాకు ప్రమాదం. బలం పెట్టి నొక్కుతాము, జారుతుంది, తెగుతుంది. సానరాయి లేకపోతే కాఫీ కప్పు బోర్లించండి. అడుగున పూత లేని గరుకు అంచు ఉంటుంది. దాని మీద నెమ్మదిగా అటు పది, ఇటు పది. కొబ్బరికాయ దగ్గరికి మాత్రం చాకును పోనివ్వవద్దు. డబ్బామూత పెకలించడానికి వాడవద్దు. మొన విరిగిన చాకులలో సగం అట్లా విరిగినవే.

ఎక్కడికి తీసుకుపోకూడదో కూడా తెలియాలి. బడికి వద్దు. పిల్లల సంచిలో మడత చాకు బడికి పోకూడదు, పెన్సిలు చెక్కడానికే అయినా సరే. ఇది ముప్ఫై ఏళ్లు బళ్లో పనిచేసినవారి మాట. 2006లో కెనడా సుప్రీంకోర్టు మాంట్రియల్ బడికి సంబంధించిన వ్యాజ్యంలో సిక్కు విద్యార్థి కృపాణం ధరించవచ్చునని తీర్పు చెప్పింది. చెక్క ఒరలో పెట్టి, గుడ్డలో కుట్టి, బట్టల లోపల ధరించాలనే షరతులతో. అది ఒకరి ధర్మానికి సంబంధించిన విషయం, గౌరవించవలసిన విషయం. దాన్ని చూపించి మన మామిడికాయ చాకును బడికి పంపడానికి వీలులేదు.

విమానం సంగతి మాకంటే బాగా ఎవరు చెబుతారు? 2017 నవంబరు నుంచి కెనడా విమానాశ్రయాలలో 6 సెంటీమీటర్ల లోపు బ్లేడు ఉన్న చిన్న చాకును చాలా ప్రయాణాలలో వెంట తీసుకుపోనిస్తున్నారు. అమెరికా వెళ్లే విమానాలకు మాత్రం ఏ చాకూ కుదరదు. ఇండియాలో విమానం ఎక్కేటప్పుడు కూడా వెంట ఉంచుకోనివ్వరు. కనుక సూత్రం ఒక్కటే. ప్రయాణం ముందు రోజు రాత్రి జేబులో చాకు తీసి పెట్టెలో వేయండి. పాస్‌పోర్టు చూసుకున్నప్పుడే చాకునూ చూసుకోండి.

ఇన్ని చెప్పాము. ఇవన్నీ గుర్తుండకపోతే ఒక్క పరీక్ష గుర్తుంచుకోండి. మేము దానికి బల్లపరీక్ష అని పేరు పెట్టుకున్నాము. కొనబోయే చాకును దుకాణంలో బల్ల మీద తెరిచి పెట్టండి. ఆ బల్ల చుట్టూ మీ అమ్మగారు, మీ పక్కింటివారు, ఒక పోలీసు, ఒక చిన్నపిల్ల కూర్చున్నారనుకోండి. వారిలో ఎవరైనా కుర్చీ వెనక్కి జరుపుకుంటారని తోస్తే ఆ చాకు వద్దు. అందరూ "ఏదీ, ఆ పండు కోయండి" అనేటట్టు ఉంటే అదే మీ చాకు. ఆ క్యుబెక్ పెద్దాయన ఆ రోజు రెండువందలమంది పరాయివాళ్ల మధ్య చాకు తెరిచాడు. ఒక్కరూ బెదరలేదు. చాకు అట్లాంటిది, ఆయన తెరిచిన తీరూ అట్లాంటిది.

మేము కొన్నది చెక్కపిడి ఏడో నంబరు, స్టెయిన్‌లెస్ ఉక్కు. అది మా నాన్నగారి చాకు కాదు. మొదటి ఏడాది జేబులో చెయ్యి పెట్టినప్పుడల్లా కొమ్ము తగలకపోతే మనసు చివుక్కుమనేది. ఇప్పుడు చెక్క కూడా చేతికి అలవాటు పడింది.

మా మనుమరాలికి పదేళ్లు నిండాయి. శుక్రవారం తరగతికి వస్తున్నది. పోయిన నెల గుణింతం తప్పులేకుండా అప్పచెప్పింది. మొన్న చాకు చూసి "తాతయ్యా, ఇది ఆయుధమా?" అని అడిగింది. "పనిముట్టమ్మా" అన్నాము. "తేడా ఏమిటి?" అంది. "పని ముందు వచ్చి, కత్తి తరువాత వస్తే పనిముట్టు. కత్తి ముందు వచ్చి, పని తరువాత వెతుక్కుంటే ఆయుధం" అన్నాము. పంతుళ్ల ఇంట్లో పుట్టిన పిల్ల కనుక ఆ వాక్యం పుస్తకంలో రాసుకుంది.

ఈ ఉగాదికి దానికోసం గుండ్రటి మొన ఉన్న చాకు ఒకటి కొన్నాము. ఇంట్లో, మా కళ్ల ముందు వాడడానికి. కత్తిని చేతికి చేయి ఇవ్వకూడదు, కింద పెడితే తీసుకోవాలని మన పెద్దలంటారు. చాకు బహుమతిగా పుచ్చుకున్నవారు స్నేహం తెగకుండా ఒక నాణెం తిరిగి ఇవ్వాలని ఫ్రెంచివాళ్లంటారు. మేము రెండూ పాటిస్తాము. ఒక్క సెంటు నాణేన్ని కెనడాలో 2012లో ముద్రించడం మానేశారు. కనుక మనుమరాలు ఐదు సెంట్లు ఇచ్చుకోవలసి ఉంటుంది. ఇస్తానని మాట ఇచ్చింది.

ఇవాళ పచ్చడికి మామిడికాయలు తరిగింది ఎవరో మీరు చూడలేదు. వెనక గదిలో, పీట మీద కూర్చుని, నిదానంగా, మా ఎదుటనే తరిగింది. ముక్కలు కొంచెం పెద్దవిగా తగిలితే ఆ చిన్న చేతిని మన్నించండి.